కుడి చివర నుంచి రాసిన నంబరు

నాకు జవాబు ఇవ్వనివాళ్ళ జాబితా ఒకటి నా దగ్గర ఉంది. రూళ్ళ పుస్తకంలో తేదీలతో సహా రాసిపెట్టుకున్నాను. అందులో రెండు ఆఫీసులున్నాయి. మా పెదనాన్న కొడుకున్నాడు. పెళ్ళి భోజనాల్లో నా విస్తరి ఒక్కటీ దాటేసి పోయిన వడ్డించే మనిషి ఉన్నాడు. నేను పంపిన రెండు ఉత్తరాలనూ వేయని ఈ పత్రిక కూడా ఉంది. పోయిన నెల అందులో ఇంకొకరు చేరాల్సింది. సత్తుపల్లిలో నంబర్లు రాసే పెయింటర్ చనిపోతే నాకు ఎవరూ కబురు చేయలేదు. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన కూడా అయిపోయాక, రంగు పెచ్చులూడిన నా రేకు బోర్డును చంకన పెట్టుకొని వెళ్తే, ఆయన కూర్చునే చోట ఖాళీ గోడ ఉంది.

పక్కన టీ కొట్టతను గ్లాసులు కడుగుతూనే అన్నాడు. "భాయ్ పోయిండు గద. నీకు తెల్వదా?"

ఆరేళ్ళ పరిచయం. నాకు తెలియదు.

అయినా ఆయన్ను గానీ, ఆయన ఇంటివాళ్ళను గానీ జాబితాలో రాయలేదు. ఎందుకు రాయలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆయన పేరు ఇక్కడ కూడా రాయను. పెయింటర్లందరూ బోర్డు మూలన తమ పేరు, దాని పక్కన 'ఆర్ట్స్' అని రాసుకుంటారు. ఆయన ఒక్క బోర్డు మీదా రాసుకోలేదు. బతికుండగా ఆయన రాసుకోనిది నేను రాయడం బాగుండదు.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మా ఊరు సత్తుపల్లి నుంచి అడవి వైపు పోయే దారిలో వాగు అవతల ఉంటుంది. మా వెనక ఒక కోయగూడెం. వానాకాలం వాగు వస్తే రెండూ తెగిపోతాయి. ఏడేళ్ళ కిందట మా అమ్మకు పక్షవాతం వచ్చిన పొద్దున అంబులెన్సుకు ఫోన్ చేస్తే వచ్చింది, రాలేదని అనను. వచ్చి అవతలి గట్టు మీద ఆగింది. మేము ఇవతలి గట్టు మీద అమ్మను పడుకోబెట్టిన మంచం పట్టుకొని నిలబడ్డాం. మధ్యలో నలభై అడుగుల బురదనీళ్ళు. మూడు గంటలు ఒకరినొకరం చూసుకున్నాం. అమ్మ బతికింది కానీ మాట పోయింది. ఇప్పటికీ ఏదైనా కావాలంటే గ్లాసుతో మంచం కోడును కొడుతుంది.

వాగు మీద చప్టా కట్టమని ఆ నెలలోనే అర్జీ పెట్టాను. ఆ ఆఫీసు పేరు రాయను, రాస్తే ఇది మరో అర్జీ అవుతుంది. గులాబీ రంగు చీటీ మీద నంబరు వేసి ఇచ్చారు. 5882353. నంబరు ఇచ్చారు కదా, పని అయినట్టే అనుకున్నాను. ఏడాది గడిచినా ఒక్క మనిషీ వచ్చి వాగు చూడలేదు. వాళ్ళు మరిచిపోతే పోయారు, ఊరు మరిచిపోకూడదని, ఆ నంబరును రేకు మీద పెద్దగా రాయించి వాగు ఒడ్డున పాతాలనుకున్నాను. అలా ఆయన దగ్గరికి పోయాను.

అప్పుడాయన బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్డు పక్కన ఉండేవాడు. నాలుగు వాసాలు, పైన రేకులు, కింద పెయింటు డబ్బాలు. ఒక టిప్పర్ వెనక పలక మీద నంబరు రాస్తున్నాడు. నేను వచ్చింది చూశాడు. కూర్చోమనలేదు. గంటన్నర నిలబెట్టాడు. అది నా పుస్తకంలో ఉంది. కానీ నిలబడి ఉండబట్టే చూశాను, ఆయన నంబరును వెనక నుంచి రాస్తున్నాడు. ముందు కుడి చివరి అంకె. అది పూర్తయ్యాక దానికి ఎడమ పక్కన పదుల అంకె. ఆ తర్వాత వందలు.

టిప్పర్ డ్రైవర్ బీడీ నోట్లో పెట్టుకొని అన్నాడు. "ఏంది భాయ్, ఉర్దూ లెక్క కుడి నుంచి రాస్తున్నవ్. నా బండి రివర్సుల పోవాల్నా?"

"ఉర్దూల గూడ అంకెలు ఎడమ నుంచే రాస్తరు. తెల్వకుంటె అడుగు."

"మరి నువ్వు గిట్లెందుకు?"

"ఒకట్ల కాడ అబద్ధముండదు. సరిదా, బేసిదా, అయిదుకు పోతదా పోదా, అన్ని ఆడనే తెలుస్తయి. మనిషిని గుర్తు పట్టాలంటె నడక జూస్తవ్ గని తలపాగ జూస్తవా?"

నా వంతు వచ్చింది. చీటీ చేతికిచ్చాను.

"ఏ బండిది?"

"బండిది కాదు. అర్జీది."

అప్పుడు మొదటిసారి తలెత్తాడు. కళ్ళద్దాల కాడకు దారం కట్టి ఉంది. "అర్జీకి బోర్డేంది పటేలా?" భుజం మీద తువ్వాలున్న ప్రతివాడూ ఆయనకు పటేలే.

"వాగు ఒడ్డున పెట్టేటందుకు."

"వాగు చదువుతదా?"

"చదివెటోళ్ళు దాటుతరు" అన్నాను.

నవ్వలేదు. సుద్ద పూసిన దారాన్ని రేకు మీద బిగించి లాగి వదిలాడు. గీత పడింది. చివరి 3 రాశాడు. రాసి, బ్రష్షు డబ్బా అంచుకు ఒత్తుతూ గొణిగాడు. "రెండుకు పోదు. అయిదుకు పోదు." ఇంకో రెండు అంకెలు రాసి, చీటీ మీద అంకెలన్నీ కూడాడు. "ముప్పై నాలుగు. మూడుకు పోదు." సగానికి వచ్చాక, "ఏడుకు ఒకటి మిగుల్తది. పదకొండుకు నాలుగు. ఇదేందో మొండిదాని లెక్కుంది."

అలా ఒక్కో అంకెకూ ఆగి ఆగి ఎడమ చివరికి వచ్చేసరికి చోటు అయిపోయింది. మొదటి 5 బక్కచిక్కి రేకు అంచుకు అతుక్కుపోయింది. 'అర్జీ నం.' అన్న మాటలకు జాగా లేక వాటిని నంబరు పైన చీమల్లా ఎక్కించాడు. ఆయన రాసిన బోర్డులన్నిటికీ ఈ జబ్బు ఉంది. సత్తుపల్లి నుంచి పర్ణశాల రేవులో పడవల దాకా ఎక్కడైనా సరే, కుడిపక్క దొరబాబులా నిండుగా, ఎడమపక్క బస్సులో మూడో మనిషిలా ఇరుక్కొని ఉంటే అది ఆయన చేతిదే.

"ఇదేం రాత? దూరం నుంచి చూస్తే ఎనిమిది లచ్చల నంబరు అనుకుంటరు. నాది యాభై లచ్చలు దాటింది" అన్నాను.

"మొండోళ్ళు ఎప్పుడూ ఇరుకులనే ఉంటరు పటేలా."

నన్ను మా ఊళ్ళో కూడా ఆ మాటే అంటారు. ఆయనకు ఎవరు చెప్పారో అనుకొని వచ్చాను. ఆయన అన్నది నంబరును అని తర్వాత తెలిసింది. మనం బడిలో ప్రధాన సంఖ్య అని చదువుకున్నదాన్ని ఆయన మొండి నంబరు అనేవాడు. ఒకటికీ, తనకూ తప్ప ఇంక దేనికీ తెగనిది. అయిదో తరగతి దాకా చదివాడట. ఎక్కాలు పందొమ్మిది దాకా వచ్చు. ఇరవైది అక్కర్లేదనేవాడు.

డ్రైవర్లకు నంబరు అంటే అదృష్టం. అంకెలు కూడితే తొమ్మిది రావాలి. "భాయ్, నాది మంచిదేనా?" అని అడుగుతుంటారు. ఆయన విసుక్కునేవాడు. "మంచిదో చెడ్డదో నాకేమెర్క. నీది పదమూడుకు తెగుతది, గది జెప్త." ఒకసారి ఒకతను తన నంబరు దేనికీ తెగదని విని దిగులుపడ్డాడు. ఆయన ఆ రోజు అతనికి చాయ్ తాగించాడు. "పెద్దగుంటె ఏముంది రా. పగలకుంట ఉండాలె" అన్నాడు.

బొగ్గు లారీ పోయినప్పుడల్లా రోడ్డు మీద నల్లటి దుమ్ము లేచేది. తడి ఆరని అంకెల మీద పడితే గరుకు తేలుతుంది. అందుకని ఆయన దగ్గర ఒక పాత గొడుగు ఉండేది. లారీ చప్పుడు వినిపించగానే గొడుగు విప్పి నంబరు మీద పట్టేవాడు, తన మీద కాదు. ఎండలో తాను నిలబడి, దుమ్మంతా తల మీద పోయించుకొని, లారీ పోయాక గొడుగు ముడిచి మళ్ళీ కూర్చునేవాడు. ఆయన అనగానే నాకు ముందు కళ్ళ ముందుకు వచ్చేది అదే.

సోమవారం సోమవారం అర్జీ సంగతి కనుక్కోవడానికి ఖమ్మం పోయేవాణ్ణి. వచ్చేటప్పుడు బస్సు దిగి ఆయన దగ్గర ఆగడం అలవాటైంది. నా మాట వినే చోటు అదొక్కటే. వింటున్నాడో లేదో తెలిసేది కాదు, చేతిలో బ్రష్షు ఆడుతూనే ఉండేది. కానీ మళ్ళీ వారం పోయేసరికి ఆ నంబరు గురించి ఏదో ఒకటి చెప్పేవాడు.

ఒక సోమవారం వెళ్ళగానే, "పటేలా, నీ నంబరును పదిహేడుతోని గుణించి చూసినవా?" అన్నాడు. నాకేం పని. ఆయనే పెన్సిలుతో అట్టముక్క మీద గుణించి చూపించాడు. 100000001. పది కోట్ల ఒకటి. ముందు ఒకటి, వెనక ఒకటి, మధ్యలో ఏడు సున్నాలు.

"నీ అసొంటోళ్ళు పదిహేడుగురు నిలబడితే పది కోట్లు దాటి ఒకటి ఎక్కువనే" అన్నాడు.

ఆయన లెక్క చెప్పాడు. నేను దాన్ని పని అనుకున్నాను. అర్జీ వెనక పదిహేడు సంతకాలు పెట్టిస్తే బలం వస్తుందని ఆ రాత్రే నిర్ణయించుకొని, ఊరూ గూడెమూ తిరిగాను. పదహారు అయ్యాయి. పదిహేడోది మా పెదనాన్న కొడుకు పెట్టాలి. వాకిట్లో నిలబెట్టి, "చప్టా పడితే మీ చేను రేటు పెరుగుద్ది, మాకేంది?" అన్నాడు. ఆ రోజు నుంచి వాళ్ళింట్లో మంచినీళ్ళు తాగలేదు. సోమవారం ఈ సంగతి చెప్పి పెయింటర్ ముందు కాగితం పరిచాను. ఆయన చేతులు తుడుచుకొని, కలం తీసుకొని పదిహేడోది పెట్టాడు. మా ఊరు కాదు. మా వాగును కళ్ళతో చూసిందీ లేదు. ఉర్దూలో, కుడి నుంచి ఎడమకు. ఆయన ఎక్కడైనా తన పేరు రాయడం నేను చూసింది అదొక్కసారే.

రెండో ఏడు నాకు ఒక జవాబు వచ్చింది. దాన్ని జవాబు అనవచ్చో లేదో చదివేవాళ్ళే చెప్పాలి. అర్జీలో రోడ్డు సంగతి ఉంది కాబట్టి ఆ భాగాన్ని రోడ్డు చూసే ఆఫీసుకూ, ఒక గట్టు అడవి హద్దులో ఉంది కాబట్టి మిగతా భాగాన్ని అడవి చూసే ఆఫీసుకూ పంపామన్నారు. రోడ్డు వాళ్ళు అడవి వాళ్ళను అడగమన్నారు. అడవి వాళ్ళు రోడ్డు వాళ్ళను అడగమన్నారు. ఆ కాగితం తీసుకొచ్చి ఆయన ముందు పడేశాను.

"రెండు ముక్కలు చేసిన్రు భాయ్. ఇగ అయిపోయింది."

ఆయన నంబరు ఒక్కటి చూసి కాగితం తిరిగి ఇచ్చాడు. ఆ వారం అంతా ఏం చేశాడో తెలియదు. మళ్ళీ సోమవారం నేను బస్సు దిగి వస్తుంటే దూరం నుంచే చెయ్యి ఊపాడు. అంతకుముందు ఎన్నడూ ఊపలేదు. నల్లరంగు వేసి ఆరబెట్టిన ఒక రేకు ముందు కూర్చోబెట్టి, సుద్దముక్కతో నా నంబరు రాశాడు. 588 దగ్గర ఒక గీత గీశాడు. ఇటు 588, అటు 2353.

"రెండు ముక్కలు చేసిన్రు గద. చెయ్యనీ. ఈ ముక్కను దీనితోనే గుణించు."

588ని 588తో గుణించాను. 345744.

"ఇగ ఈ ముక్కను దీనితోనే."

2353ని 2353తో. రెండుసార్లు తప్పు చేశాను. మూడోసారి 5536609 వచ్చింది.

"ఇప్పుడు రెండు కూడు."

కుడి నుంచి కూడుకుంటూ పోయాను. మూడు. అయిదు. మూడు. నాలుగో అంకె రెండు వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. ఆయన మోకాలి మీద వేళ్ళతో దరువేస్తున్నాడు. ఎనిమిది. ఎనిమిది. అయిదు.

5882353.

నేను సుద్ద పట్టుకొని అలాగే కూర్చున్నాను. రోడ్డు మీద లారీ వచ్చింది. ఆయన లేచి గొడుగు విప్పి ఆ సుద్దరాతల మీద పట్టాడు. తుడిచేసే రాతలే. అయినా పట్టాడు.

"తెంపినోడు తెంపనీ పటేలా. ఒక్కో ముక్క తన కాళ్ళ మీద తను పెరిగి వచ్చి మళ్ళ గదే అయితది. అన్ని నంబర్లు గిట్ల రావు. నేను చానా చూసిన."

ఆ కాగితం మీద నాకు పోయిన ధైర్యం ఆ రేకు మీద తిరిగి వచ్చింది. మర్నాడే రెండు ఆఫీసులకూ రెండు అర్జీలు పెట్టాను, రెండింటి మీదా పాత నంబరే వేసి.

ఆయన మీద నాకు కోపం వచ్చిన రోజు కూడా చెప్పాలి. మూడో ఏడు ఒక పొద్దున ఫోన్‌కు సందేశం వచ్చింది. మీ అర్జీ పరిష్కరించబడినది. కింద నంబరు. నేను గూడెం దాకా నడిచి వెళ్ళి చెప్పాను. అమ్మ చెవి దగ్గర కూర్చొని చెప్పాను. గ్లాసుతో రెండుసార్లు కొట్టింది. వాగు ఒడ్డున బోర్డు పీకి, చప్టా మంజూరైందని దాని మీద రాయించడానికి సత్తుపల్లి తీసుకుపోయాను. మిఠాయి కూడా కొన్నాను.

ఆయన మిఠాయి పక్కన పెట్టి ఫోన్ తీసుకున్నాడు. చూశాడు. బోర్డు చూశాడు. ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

"ఇది నీది గాదు."

"ఎట్ల గాదు? నంబరున్నది గద."

"అయిదుతోని అయిపోయింది. నీది మూడుతోని అయిపోతది. అయిదుతోని అయిపోయేది అయిదుకు తెగుతది. నీది తెగేది గాదు."

చూశాను. 5882335. మొదటి అయిదు అంకెలూ నావే. చివర రెండూ తారుమారు. ఎడమ నుంచి చదివేవాళ్ళం కాబట్టి ఊళ్ళో ఒక్కరికీ కనిపించలేదు, నాకూ కనిపించలేదు. ఆయన చివర నుంచి చదివాడు, మొదటి అంకెకే పట్టుకున్నాడు. ఎవరి పనో అయింది. నాది కాలేదు.

"ఒక్కపూటన్న ఉండనియ్యలేదు నువ్వు" అన్నాను.

"రేపు వాగు కాడ ఏముందని చూపిస్తవ్?" అన్నాడు. బోర్డు మీద రంగు పోయిన చోట్ల రంగు తాకించి, అదే నంబరుతో తిరిగి ఇచ్చాడు. రెండు నెలలు ఆయన దగ్గరికి పోలేదు. ఆయన పిలవలేదు. అదీ రాసుకున్నాను.

ఈ మధ్యలో ఆయన దుకాణం రెండుసార్లు మారింది. మొదటిదానికి నాలుగు వాసాలు. రెండోదానికి రెండు. మూడోది బస్టాండు వెనక, టీ కొట్టు పక్కన, గోడకు ఆనించిన రేకు ఒక్కటే. ఒక్కసారీ నాకు ముందుగా చెప్పలేదు. ఎండలో దుమ్ములో నేనే వెతుక్కొని పోవాల్సి వచ్చింది. ఆ రెండు తేదీలూ నా పుస్తకంలో ఉన్నాయి.

పని తగ్గింది. నంబర్లన్నీ మిషను మీద స్టిక్కర్లు కోస్తున్నారు. ఖాళీ దొరికింది కాబట్టి, నా నంబరు నిజంగా మొండిదేనా కాదా తేల్చేస్తానన్నాడు. పొడవాటి నోటుబుక్కు ఒకటి కుట్టుకున్నాడు.

"ఎంత దాకా చేస్తవ్ భాయ్? యాభై లచ్చలు దాటిన నంబరు" అన్నాను.

"అంతొద్దు. 2425 దాకా చాలు. ఇది రెండు ముక్కలయితె, ఒక ముక్కన్న దానిలోపలుండాలె. రెండు ముక్కలూ దాన్ని దాటితే గుణించినప్పుడు నీ నంబరునే దాటిపోతది. అండ్ల గూడ మొండి అంకెలతోనే భాగించాలె. నాలుగుకు పోతదా అని అడుగుడెందుకు, రెండుకే పోనప్పుడు. మొత్తం మూడు వందల అరవై ఉన్నయి. లెక్కబెట్టిన."

"ఫోన్‌ల కొడితే ఒక్క నిమిషంల చెప్తదంట."

కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "మిషను జవాబు నీకు వస్తనే ఉంది గద పటేలా. పరిశీలనలో ఉన్నది, పరిశీలనలో ఉన్నది అని. అది సాలలేదా? ఒక మనిషి కూసోని చూడాలె అన్నవ్ గద. నేను కూసున్న."

రోజుకు ఒకటో రెండో చేసేవాడు. ఒక్కోసారి వారానికి ఒకటి. పేజీకి రెండు వరసలు. కుడి వరస నాది. ఎడమ వరసలో ఇంకేదో నంబరు, దాన్ని కూడా అదే అంకెతో భాగించి పక్కపక్కనే పెట్టుకునేవాడు. ఒకసారి అడిగాను.

"ఎడమ పక్కదేంది భాయ్?"

"ఏదో బండిది" అన్నాడు. నేను మళ్ళీ నా అర్జీ సంగతిలో పడ్డాను.

పోయిన నెల ఆ ఖాళీ గోడ దగ్గర నుంచి, బోర్డు చంకన పెట్టుకొని, టీ కొట్టతను చెప్పిన గుర్తుల ప్రకారం ఆయన ఇంటికి పోయాను. అడిగేద్దామనే పోయాను, కబురు ఎందుకు చేయలేదని. ఆయన భార్య తలుపు తీసింది. నన్ను ఎప్పుడూ చూడలేదు. బోర్డు చూసింది.

"నువ్వేనా అన్నా. రా. ఆ నంబరు నాకు నోటికొచ్చు. రోజు అన్నం కాడ గదే."

"ఒక్క మాట చెప్పకపోతిరి భాభీ."

"నీ ఫోన్ నంబరు ఆయన కాడ లేదన్నా. చానా దేవులాడినం. అర్జీ నంబరే ఉండె."

నిజమే. ఇవ్వలేదు. ఆరేళ్ళలో ఆయనకు నేను ఇచ్చిన నంబరు అదొక్కటే.

ఆమె లోపలికి పోయి నోటుబుక్కు తెచ్చింది. "ఆఖరికి చెయ్యి బాగ వణికేది. బ్రష్షు పట్టలేకపోయిండు. పెన్సిలైతె పట్టిండు. నీకే ఇయ్యమన్నడు."

చివరి పేజీ తీశాను. 2399. ఆయన లెక్కలో మూడు వందల యాభై ఏడో అంకె. కుడి వరసలో నా నంబరు. భాగిస్తే 2452 సార్లు పోయి అయిదు మిగిలింది. ఇంకో అయిదు తక్కువై ఉంటే తెగిపోయేది. పక్కన వంకర్లు పోయిన అక్షరాలతో రాశాడు: తప్పించుకుంది.

ఎడమ వరసలో ఆ బండి నంబరు. 5783989. అదే 2399తో భాగించాడు. 2411 సార్లు పోయింది. మిగిలింది సున్నా. ఆ సున్నా చుట్టూ ఏమీ రాయలేదు. ఆ నంబరుకు హద్దు 2405. అంతలోపల అడగాల్సిన ఆఖరి అంకె 2399. మూడు వందల యాభై ఆరింటికి తెగకుండా వచ్చి, చివరి మెట్టు మీద తెగింది. ఆ తర్వాత పేజీలు ఖాళీ. చెయ్యి సాగక ఆపేశాడో, మనసు రాక ఆపేశాడో నాకు తెలియదు.

ఆ పేజీలో మడిచిపెట్టిన కాగితం జారి కింద పడింది. గులాబీ రంగు చీటీ. నా దగ్గర ఉన్నలాంటిదే. దాని మీద 5783989.

"ఇది బండిది కాదా భాభీ?"

"బండేంది అన్నా. ఆయనదే. నీ అసొంటి అర్జీనే. రోడ్డు పెద్దగ జేసినప్పుడు దుకాణం లేపిన్రు గద. యాడనన్న ఇంత జాగ చూపియ్యమని పెట్టిండు. మళ్ళ ఒకకాడ పెట్టుకున్నడు, ఆడనుంచి గూడ లేపిన్రు."

నా నంబరు కన్నా చిన్న నంబరు. అంటే నా కన్నా ముందు పెట్టిన అర్జీ. నేను మొదటిసారి రేకు పట్టుకొని ఆయన ముందు నిలబడ్డ రోజుకే ఆయన ఎదురుచూస్తున్నాడు. ఆ తర్వాత ప్రతి సోమవారం నేను నా మొర చెప్పాను, ఆయన విన్నాడు.

"నాకు ఒక్కసారి గూడ చెప్పలేదు" అన్నాను.

ఆమె చాయ్ గ్లాసు నా ముందు పెడుతూ, మామూలుగానే అడిగింది. "నువ్వు అడిగినవా అన్నా?"

ఇంటికి వచ్చి నా పుస్తకం తీశాను. దుకాణం మారిన రెండు తేదీలూ ఉన్నాయి, నాకు చెప్పలేదన్న ఫిర్యాదుతో సహా. వాటి పక్కన అన్యాయం చేసినవాళ్ళ పేరు రాసే గడిలో నా పేరు రాశాను. ఆ పుస్తకంలో నేను కొట్టివేసింది ఏదీ లేదు, ఇదీ కొట్టివేయను.

మిగిలిన మూడు అంకెలు నేను చేశాను. వారం పట్టింది. ఒక్కోటి రెండుసార్లు చేసి, వెనక నుంచి గుణించి సరిచూసుకున్నాను. ఆయన పేజీల్లోనే, కుడి వరసలో. 2411తో 1924 మిగిలింది. 2417తో 1792. 2423తో 1732. అంతే, ఇంక అడగాల్సిన అంకె లేదు. ఎడమ వరస ఖాళీగా వదిలేశాను. అమ్మ పక్కన కూర్చొని గట్టిగా చదివి వినిపించాను. గ్లాసుతో ఒకసారి కొట్టింది.

బోర్డుకు మళ్ళీ రంగు వేయించలేదు. ఆ బక్క 5 అలాగే రేకు అంచును పట్టుకొని వాగు ఒడ్డున ఉంది. దాని కింద ఇంకో రేకు కట్టాను. దాని మీద 5783989 నేనే రాశాను, కుడి నుంచి మొదలుపెట్టి. నాకూ ఎడమపక్క చోటు చాలలేదు.

ఇప్పుడు నేను అడిగేది ఇది. 5882353 దేనికీ తెగదు. ఒక మనిషి ఏళ్ళ తరబడి కూర్చొని తేల్చాడు, నేను పూర్తి చేశాను. కాబట్టి దాన్ని ఎన్ని ఆఫీసులకు పంచినా లాభం లేదు. 5783989 తెగింది, పెట్టిన మనిషీ లేడు. కానీ అర్జీ తెగలేదు. ఆయన భార్య ఉంది, చీటీ ఉంది, ఆయన కూర్చున్న మూడు చోట్లూ తేదీలతో సహా నా దగ్గర ఉన్నాయి. ఇది చదివేవాళ్ళలో ఆ ఆఫీసు మనిషి ఒక్కరున్నా సరే, ముందు ఆయన అర్జీకి జవాబు చెప్పండి. ఆయనది నా కన్నా ముందుది. నాది ఆ తర్వాత చెప్పండి, అంతవరకు నేను ఆగుతాను. ఫోన్ సందేశం వద్దు. కాగితం మీద, మనిషి చేత్తో రాసి పంపండి. నంబరు వేసేటప్పుడు చివరి అంకె చూసుకొని వేయండి.